స్టార్టర్ కేబుల్ రికాల్: స్కూలు బస్సుల్లో ఒకే లోపానికి రెండుసార్లు మరమ్మతు (కేస్ స్టడీ)

రికాల్ అంటే లోపమున్న వాహనాలను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం. రికాల్‌లో ఉన్న బస్సు గురించి స్కూలు వాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "డీలర్ దగ్గర పని అయిపోయిందా?" ఈ కేసులో "అయిపోయింది" అన్న జవాబు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొన్ని బస్సుల్లో మాత్రం నిప్పు అంటుకునే ముప్పు అలాగే ఉండిపోయింది. తేడా ఎక్కడ వచ్చింది, ఎలా పట్టుకున్నాం, మళ్ళీ ఎలా చేయించుకున్నాం అన్నది రాస్తున్నాను.

నేను మెయింటెనెన్స్ చూసే ఫ్లీట్‌లో నలభై దాకా బస్సులున్నాయి. అందులో సుమారు మూడో వంతు ఈ రికాల్ కిందికి వచ్చాయి. వాటిలో కొన్ని కొత్తగా కొన్నవి, కొన్ని వేరే ఆపరేటర్ దగ్గర తీసుకున్న సెకండ్ హ్యాండ్ బండ్లు. ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉండే అడుగు చట్రం) అన్నిటికీ ఒకే కంపెనీది. బాడీ మాత్రం ఇద్దరు వేర్వేరు బాడీ బిల్డర్లు కట్టారు. ఇది గుర్తుంచుకోండి, చిక్కంతా ఇక్కడే వచ్చింది. స్కూలు, కంపెనీ, డీలర్ పేర్లు రాయడం లేదు.

లోపం

బ్యాటరీ బాక్సు నుంచి స్టార్టర్ మోటారుకు ఒక లావుపాటి పాజిటివ్ కేబుల్ వెళ్తుంది. ఈ మోడల్లో అది ఛాసిస్ రైలు (చట్రంలోని పొడవాటి ఇనుప దూలం) లోపలి వైపుగా నడుస్తుంది. దారిలో ఒక ఇనుప బ్రాకెట్ ఉంది. దాని దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు వదులైపోవడంతో, బండి అదిరినప్పుడల్లా కేబుల్ ఆ బ్రాకెట్ అంచుకు రాసుకుంటోంది. ముందు పైనున్న నల్లటి ప్లాస్టిక్ తొడుగు అరుగుతుంది. తర్వాత లోపలి ఎర్ర ఇన్సులేషన్ పోతుంది. చివరికి రాగి తీగలు బయటపడి ఇనుముకు తగులుతాయి.

మామూలు వైరు షార్టయితే ఫ్యూజు పోయి కరెంటు ఆగిపోతుంది. స్టార్టర్ కేబుల్ సంగతి వేరు. సెల్ఫ్ కొట్టినప్పుడు అది వందల ఆంపియర్లు మోయాలి కాబట్టి చాలా వాహనాల్లో దానికి ఫ్యూజే పెట్టరు. షార్టయిందంటే బ్యాటరీలో శక్తి ఉన్నంతసేపూ కరెంటు పారుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపినా, తాళం తీసి జేబులో వేసుకున్నా ఆగదు. అంటే రోడ్డు మీద పోతున్న బస్సుకే కాదు, రాత్రి షెడ్డులో నిలబెట్టిన బస్సుకూ నిప్పు ప్రమాదం ఉంది.

బస్సులో నిప్పు అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది 1988 మే 14న అమెరికాలోని కెంటకీ రాష్ట్రం క్యారల్టన్ దగ్గర జరిగిన ప్రమాదం. తాగిన డ్రైవర్ రాంగ్ రూట్లో నడుపుతున్న పికప్ ట్రక్కు ఒక బస్సును ఎదురుగా గుద్దింది. ముందు తలుపు మూసుకుపోయింది, పెట్రోల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 27 మంది చనిపోయారు, చాలామంది ఢీకొన్న దెబ్బకు కాదు, పొగకు. అది ఒకప్పటి స్కూలు బస్సు, తర్వాత ఒక చర్చి కొనుక్కుంది. అమెరికాలో స్కూలు బస్సుల కొత్త భద్రతా ప్రమాణాలు 1977 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. ఆ బస్సు ఛాసిస్ అంతకు కొద్ది రోజుల ముందే తయారైంది. అది రికాల్ కేసు కాదు. కానీ చేతులు మారిన పాత బస్సు తన లోపాలన్నీ వెంటబెట్టుకునే కొత్త ఓనర్ దగ్గరికి వస్తుందని చెప్పడానికి అంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఎలా బయటపడింది

మొదట తెలిసింది ఉత్తరం ద్వారా కాదు, డ్రైవర్ ద్వారా. ఒక సెకండ్ హ్యాండ్ బస్సు డ్రైవర్ ఉదయం చెకింగ్ షీట్‌లో "సెల్ఫ్ కొడితే కాలిన వాసన, అప్పుడప్పుడు" అని రాశాడు. పిలిచి అడిగితే, "రోజూ రాదు సార్. గుంతల రోడ్డు మీద తిరిగొచ్చిన మర్నాడు వస్తుంది" అన్నాడు. ఈ రెండో మాటే అసలు క్లూ. వాసన ఎప్పుడూ ఉంటే స్టార్టర్ మోటారునే అనుమానిస్తాం. అదురుకీ వాసనకీ సంబంధం ఉందంటే ఏదో ఎక్కడో రాసుకుంటోందని అర్థం.

ఎలక్ట్రీషియన్ కింద పడుకుని టార్చి, చిన్న అద్దం పెట్టి కేబుల్ పొడుగునా చూశాడు. పైనుంచి చూస్తే తొడుగు బాగానే ఉంది. అద్దం తిప్పి వెనకవైపు చూస్తే బ్రాకెట్ తగిలేచోట తొడుగు చీలి ఉంది, ఎర్ర ఇన్సులేషన్ అరిగి నున్నగా మెరుస్తోంది, మధ్యలో నాలుగైదు రాగి తీగలు తెగి చివరలు కరిగి గుండ్రంగా అయ్యాయి. బ్రాకెట్ అంచు మీద పెసరగింజంత గుంట పడింది, దాని చుట్టూ ఇనుము నీలం తిరిగింది. అప్పటికే అక్కడ స్పార్క్ వచ్చి ఆగిందన్నమాట. మళ్ళీ ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

ఆ బస్సు ఛాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే సరిగ్గా ఇదే లోపానికి రికాల్ కనిపించింది, అదీ కొన్ని నెలలుగా. మరి మాకెందుకు తెలియలేదు? రికాల్ ఉత్తరం రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఉన్న ఓనర్ అడ్రసుకు వెళ్తుంది. ఆ రికార్డు తీసుకున్న తేదీ నాటికి బస్సు పాత ఆపరేటర్ పేరు మీదే ఉంది. ఉత్తరం అక్కడికెళ్ళి ఆగిపోయింది. కొత్తగా కొన్న బస్సుల ఉత్తరాలు మాత్రం స్కూలుకే వచ్చాయి. వారంటీ పొడిగించుకోమని కంపెనీ పంపే కవర్లతో కలిసి ఆఫీసు ఫైల్లో చేరాయి. అమెరికాలో 2014 నుంచి ఇలాంటి కవరు మీద ఇది ముఖ్యమైన సేఫ్టీ రికాల్ సమాచారం అని స్పష్టంగా ముద్రించాలన్న నిబంధన ఊరికే రాలేదు. ప్రకటనల కాగితాల్లో ఈ ఉత్తరాలు కలిసిపోవడం అన్నిచోట్లా ఉన్న జబ్బే.

చట్టం గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలో 1966 చట్టం, దానికి తర్వాత చేసిన సవరణల కింద భద్రతా లోపాన్ని తయారీదారే ఉచితంగా సరిచేయాలి. జాతీయ హైవే భద్రతా సంస్థకు తెలియజేశాక 60 రోజుల్లో ఓనర్లకు ఉత్తరాలు పంపాలి. మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్ళ వరకు ఉచిత మరమ్మతు హక్కు ఉంటుంది. ఇండియాలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది. తప్పనిసరి రికాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్ళ లోపు వాహనాలకు వర్తిస్తాయి. వాడిన బండి అమ్మేటప్పుడు మాత్రం పట్టు సడలుతుంది. అమెరికాలో 2016 నుంచి 35కి మించి కార్లున్న అద్దె కంపెనీలు రికాల్ పెండింగ్‌లో ఉన్న కారును అద్దెకివ్వకూడదు. కానీ ఆ చట్టానికి బరువు పరిమితి ఉంది, పెద్ద బస్సులు దాని కిందికి రావు. సెకండ్ హ్యాండ్ బస్సు కొనేవాడు తన జాగ్రత్త తానే పడాలి.

నంబర్ల పని

రిజిస్టర్‌లో ఉన్న ఛాసిస్ నంబర్లు చూసి జాబితా తయారు చేయడం తేలిక. ఆ పని చేయవద్దనే నా సలహా. మేం ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి ప్లేటు ఫోటో తీసుకున్నాం. 17 అక్షరాల నంబర్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో కలిసిపోతాయని ముందే తీసేశారు. కానీ బి అక్షరం, 8 అంకె రెండూ ఉన్నాయి. పాత ఓనర్ ఇచ్చిన కాగితాల్లో ఒక బస్సుకు బి బదులు 8 పడింది. ఆ తప్పు నంబరుతో వెతికితే వెబ్‌సైట్ "ఇలాంటి వాహనం లేదు" అంటుంది. హడావుడిలో ఉన్నవాడికి అది "రికాల్ లేదు" అన్నట్టే వినిపిస్తుంది.

ఇంకోటి, మోడల్ సంవత్సరాన్ని నమ్మకూడదు. రికాల్ పరిధి తయారీ తేదీల మీద, నంబర్ల వరస మీద ఉంటుంది. ఒకే ఏడాది మోడల్ అని కొన్న బస్సుల్లో కొన్ని పరిధిలో ఉన్నాయి, కొన్ని లేవు.

బాడీ ప్లేటు ఫోటో కూడా తీయించాను. ఛాసిస్ కంపెనీ వేరు, బాడీ కట్టినవాళ్ళు వేరు అయినప్పుడు ఇద్దరి రికాల్స్ వేర్వేరుగా వస్తాయి. సీట్లు, ఎమర్జెన్సీ తలుపు, స్టాప్ సైగ చూపే బోర్డు లాంటివాటికి బాడీ బిల్డర్‌ని అడగాలి. ఈ ఫోటోలే తర్వాత మా కేసును నిలబెట్టాయి.

విడిభాగాలు రాకముందు

డీలర్‌కి ఫోన్ చేస్తే కిట్లు ఇంకా రాలేదన్నాడు. ఇది మామూలే. చాలా రికాల్స్‌లో మొదటి ఉత్తరం లోపం ఉందని చెబుతుంది, మరమ్మతు సిద్ధమయ్యాక రెండో ఉత్తరం వస్తుంది. ఆ మధ్యకాలంలో బస్సులు తిప్పాలా, ఆపాలా అన్నది ఫ్లీట్ వాళ్ళ నెత్తిన పడుతుంది. నోటీసులో "నడపవద్దు" అని స్పష్టంగా ఉంటే ఆలోచించే పనే లేదు. మాకొచ్చిన దాంట్లో "బయట, ఆరుబయలులో పార్క్ చేయండి" అని మాత్రమే ఉంది.

ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్‌కి టెన్షన్. "అన్నీ ఆపితే పిల్లలు ఎలా వస్తారండీ? ఆపకపోతే రేపు నన్నే అడుగుతారు" అన్నాడు. రెండూ నిజమే. అన్ని బస్సుల్నీ ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూడాలని నిర్ణయించాం. ప్రతి బస్సు కేబుల్‌ని అద్దంతో చూశాం. తొడుగు దాటి ఇన్సులేషన్ మీద ఏ మాత్రం గీత ఉన్నా ఆ బస్సు బ్యాటరీ కనెక్షన్ తీసేసి పక్కన పెట్టాం. తొడుగు మాత్రమే అరిగినవి రోజూ ఉదయం చూశాకే బయటికి పంపాం. ఆపిన బస్సుల రూట్లలో కొన్నిటిని రెండు ట్రిప్పులుగా మార్చాల్సి వచ్చింది. తల్లిదండ్రులకు పంపిన మెసేజ్‌లో "సాంకేతిక కారణాల వల్ల" అని రాయొద్దని చెప్పాను. ఏ లోపం, ఏ బస్సులు ఆపాం, మిగతావి ఎలా చూస్తున్నాం, మూడు ముక్కల్లో ఉన్నదున్నట్టు రాశారు. ఊహించినంత గొడవ రాలేదు.

మెకానిక్‌లలో ఒకరు అరిగినచోట రబ్బరు ట్యూబు చుట్టి టేపు వేద్దామన్నారు. వద్దన్నాను. టేపు కింద అరుగుదల కనిపించదు, రోజూ చూడటమే మన రక్షణ అయినప్పుడు చూడాల్సినదాన్ని కప్పేయడం తెలివైన పని కాదు. పైగా డీలర్ రేపు "మీరేదో మార్చారు" అనడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

రాత్రిపూట బ్యాటరీ ఐసోలేటర్ స్విచ్ (బ్యాటరీ నుంచి కరెంటును తెగ్గొట్టే మీట) ఆపమని డ్రైవర్లందరికీ చెప్పారు. మంచి జాగ్రత్తే, కానీ ఆ స్విచ్ ఎక్కడుందో చూడకుండా దాని మీద భరోసా పెట్టుకోకూడదు. ఒక బాడీ బిల్డర్ బస్సుల్లో స్విచ్ బ్యాటరీ బాక్సులోనే ఉంది. ఆపితే కేబుల్ మొత్తం డెడ్. రెండో బాడీ బిల్డర్ దాన్ని డ్రైవర్ మెట్ల దగ్గర పెట్టాడు. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న కేబుల్ ఆఫ్ చేసినా లైవ్‌లోనే ఉంటుంది, బ్రాకెట్ కూడా ఆ భాగంలోనే ఉంది! ఆ బస్సులకు రాత్రి టెర్మినల్ ఊడదీయడం తప్ప వేరే దారి లేకపోయింది. వాటిని బిల్డింగ్‌కి దూరంగా, ఒకదానికొకటి ఎడంగా నిలిపించాం.

మొదటి మరమ్మతు

కిట్లు వచ్చాయి. కిట్టులో కొత్త క్లాంపు, దాన్ని బిగించే చిన్న ప్లేటు, మందపాటి తొడుగు ఉన్నాయి. ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే కేబుల్ కూడా మార్చాలి. సెలవుల్లో డీలర్ బస్సులన్నీ వరసగా చేసి పంపాడు. ప్రతి జాబ్ కార్డ్ (చేసిన పని రాసిచ్చే కాగితం) మీదా రికాల్ నంబరు, "పూర్తయింది" అన్న ముద్ర ఉన్నాయి.

ఏం పూర్తయిందన్నది మాత్రం లేదు. చూసి బాగుందని వదిలేశారా, క్లాంపు వేశారా, కేబుల్ మార్చారా? మూడింటికీ ఒకే ముద్ర. రికాల్ పనికి కంపెనీ డీలర్‌కి ఇంత సమయమని లెక్కగట్టి కూలి ఇస్తుంది. కేబుల్ అంతా చూడాలంటే ఆ సమయం చాలకపోవచ్చు. మెకానిక్ దొంగవాడని అనను, ఆ లెక్కే తొందర పెడుతుంది. అందుకే డీలర్ నుంచి వచ్చిన ఏ బస్సునైనా మళ్ళీ పిట్ (బండి అడుగు చూసే గొయ్యి) మీద ఎక్కించి చూడకుండా రూట్‌కి పంపం.

మొదటి బాడీ బిల్డర్ బస్సులు చక్కగా ఉన్నాయి. రెండో రకం బస్సుల కింద చూస్తే కేబుల్ బిర్రుగా ఉంది. ఆ బాడీ బిల్డర్ బ్యాటరీ బాక్సును ఛాసిస్ కంపెనీ ఉంచిన చోటు నుంచి వెనక్కి జరిపాడు, దాంతో కేబుల్ అసలే చాలీచాలకుండా ఉంది. ఇప్పుడు కొత్త క్లాంపు దాన్ని రైలు వైపు లాగి పట్టింది. బ్రాకెట్ అంచు నుంచి తప్పింది నిజమే. కానీ స్టార్టర్ దగ్గర ఉండాల్సిన వదులు పోయింది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ పక్కకి ఊగుతుంది. అందుకే ఫ్రేమ్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే ప్రతి కేబుల్‌కీ కాస్త ఒంపు వదలాలి. అది లేకపోతే బరువంతా టెర్మినల్ మీద పడుతుంది. ఎలక్ట్రీషియన్ కేబుల్ పట్టుకున్నాడు, నేను సెల్ఫ్ కొట్టకుండా ఇంజిన్‌ని లీవరుతో కొద్దిగా కదిపించాను. కేబుల్ తీగలా బిగుసుకుని, మెట్ల అడుగున ఉన్న రేకు అంచుకు వెళ్ళి ఆనింది. పాత చోట పోయిన రాపిడి కొత్త చోట మొదలైంది.

ఎవరి తప్పు?

డీలర్ మాట: "కంపెనీ పంపిన మరమ్మతు బులెటిన్‌లో ఉన్నట్టే చేశాం." నిజం. ఛాసిస్ కంపెనీ మాట: "బ్యాటరీ బాక్సు జరిపింది బాడీ బిల్డర్." అదీ నిజం. బాడీ బిల్డర్ మాట: "మీ గైడ్‌బుక్‌లో అనుమతించిన పరిధిలోనే జరిపాం." చూస్తే అదీ నిజమే. అందరూ నిజాలే చెబుతుంటే బస్సు మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి చోట గొంతు పెంచితే పని జరగదు, కాగితం పెంచాలి. ప్రతి బస్సుకీ ఛాసిస్ ప్లేటు, బాడీ ప్లేటు ఫోటోలు, కేబుల్ రేకుకు తగిలే చోట స్కేలు పెట్టి తీసిన ఫోటో, ఇంజిన్ కదిలినప్పటి చిన్న వీడియో, డీలర్ జాబ్ కార్డ్, ఇవన్నీ ఒకచోట చేర్చాం. లేఖలో మేం రాసిన ముఖ్యమైన వాక్యం ఒకటే: ఇది కొత్త ఫిర్యాదు కాదు, ఈ రికాల్‌లోని మరమ్మతు ఈ రకం బాడీ ఉన్న బస్సుల్లో లోపాన్ని తొలగించడం లేదు. ఈ తేడా చాలా పని చేస్తుంది. కొత్త ఫిర్యాదంటే వారంటీ, వయసు, మెయింటెనెన్స్ అంటూ మొదటికి వస్తారు. మరమ్మతే చాలలేదంటే బాధ్యత రికాల్ ప్రకటించినవాళ్ళదే అవుతుంది. అదే కట్టను ప్రభుత్వ నియంత్రణ సంస్థకూ పంపాం. అమెరికాలో మరమ్మతు సరిపోయిందా లేదా అని తేల్చడానికి "రికాల్ క్వెరీ" అనే పేరుతో విడిగా విచారణ తెరిచే పద్ధతే ఉంది. అలాంటి ఏర్పాటు లేనిచోట కూడా ఫిర్యాదు లిఖితపూర్వకంగా నమోదు కావడం అవసరం. ఇదే బాడీ ఉన్న వేరే స్కూలు బస్సుల గురించి మనకు తెలియదు, ఆ నియంత్రణ సంస్థకు తెలుస్తుంది.

ఆ బస్సులు మళ్ళీ ఆగిపోయాయి. ఈసారి యాజమాన్యం నుంచి ఒత్తిడి ఎక్కువ. "ముద్ర పడింది కదా, ఇంకేం?" అన్నారు. వాళ్ళను పిట్ దగ్గరికి తీసుకొచ్చి కేబుల్ చూపించాం. తర్వాత ఆ ప్రశ్న రాలేదు.

కంపెనీ ఫీల్డ్ ఇంజినీర్ వచ్చి రెండు రకాల బస్సుల్నీ పక్కపక్కనే పెట్టి కొలతలు తీసుకున్నాడు. కొంతకాలానికి సవరించిన సూచనలు వచ్చాయి. బ్యాటరీ బాక్సు వెనక్కి జరిపిన బస్సులకు పొడుగు కేబుల్, రేకు అంచుకు రబ్బరు పట్టీ, స్టార్టర్ దగ్గర ఇంత వదులు ఉండాలని కొలత, ఇంకో క్లాంపు. ఈసారి జాబ్ కార్డ్ మీద ఏ భాగం వేశారో నంబరుతో సహా రాయాలని ముందే అడిగాం. డీలర్ అభ్యంతరం చెప్పలేదు. నిజానికి అడిగేవాళ్ళు లేకే రాయరు.

తర్వాత మార్చినవి

ప్రతి టర్మ్ మొదట్లో అన్ని బస్సుల నంబర్లూ వెబ్‌సైట్‌లో చూస్తున్నాం. ఉత్తరం కోసం ఎదురుచూడటం మానేశాం. సెకండ్ హ్యాండ్ బస్సు కొనే ముందే చూస్తాం, కొన్న వెంటనే ఛాసిస్ కంపెనీకీ బాడీ బిల్డర్‌కీ కొత్త ఓనర్ వివరాలు పంపుతాం.

ఛాసిస్ నంబరుతో దొరకనివి కూడా ఉన్నాయి. టైర్లు, వీల్‌చైర్ లిఫ్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లాంటివాటి రికాల్స్ ఆ వస్తువు సీరియల్ నంబరు మీదో తయారీ కోడ్ మీదో వస్తాయి. 2017 నవంబరులో అమెరికాలో కిడ్డే కంపెనీ ప్లాస్టిక్ హ్యాండిల్ ఉన్న ఎక్స్‌టింగ్విషర్లను సుమారు 3.78 కోట్లు వెనక్కి పిలిచింది, అవసరమైనప్పుడు పని చేయకపోవచ్చని. అలాంటిది ఒకటి బస్సులో వేలాడుతుంటే బస్సు నంబరుతో ఎంత వెతికినా కనిపించదు. అందుకని ప్రతి బస్సు ఫైల్లో ఇలాంటి పరికరాల నంబర్ల పేజీ ఒకటి చేర్చాం.

డ్రైవర్ల చెకింగ్ షీట్‌లో "వాసన" అని కొత్త గడి పెట్టాం. దాని పక్కన "ఎప్పుడు వస్తుంది" అని ఇంకో గడి.

రాసే నాటికి పరిస్థితి ఇది. రెండో రకం బస్సులన్నిటికీ సవరించిన మరమ్మతు జరిగింది, మా తనిఖీలో నిలిచింది. మొదట స్పార్క్ వచ్చిన బస్సుకు కేబుల్‌తో పాటు ఆ బ్రాకెట్ కూడా మార్పించాం, కిట్టులో లేకపోయినా. ఒక బస్సు మాత్రం పని పూర్తయినా వెబ్‌సైట్‌లో ఇంకా "మరమ్మతు పెండింగ్" అని చూపిస్తోంది. కంపెనీకి క్లెయిమ్ (చేసిన పని లెక్క) పంపడంలో ఆలస్యమని డీలర్ చెబుతున్నాడు. జాబ్ కార్డ్ కాపీ ఆ బస్సు ఫైల్లో ఉంది, ఆన్‌లైన్ రికార్డు మారేదాకా ప్రతి వారం అడుగుతున్నాం.